ఓవెన్ బ్రాడ్లీ : నాష్‌విల్ ధ్వనిముద్రణ చరిత్రలో నిర్మాత స్థానము

ప్రాచీన కావ్యముల చరిత్ర వ్రాయువారు కవిని గూర్చి విపులముగా వ్రాయుదురు. కృతిభర్తను గూర్చియు వ్రాయుదురు. పెక్కు తాళపత్ర ప్రతులను దగ్గర పెట్టుకొని, పాఠభేదములను తూచి, ఏది గ్రాహ్యమో ఏది త్యాజ్యమో నిర్ణయించి ఆ కావ్యమును మనచేతి కందించిన పరిష్కర్తను మాత్రము ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టుదురు. నేడు మనము చదువు పాఠము ఆయన నిర్ణయముల ఫలమే యైనను, ఆయన పని పాఠకునకు కనబడదు. గ్రామఫోను రికార్డుల చరిత్రయందును ఇట్టి స్థితియే కలదు. 1950 ప్రాంతముల అమెరికన్ రికార్డును చేతికి తీసికొని చూచినచో దానిపై పాడినవారి పేరు పెద్ద అక్షరములలోను, పాట కట్టినవారి పేరు చిన్న అక్షరములలోను ఉండును. ఆ పాటను ఎన్నుకొని, వాద్యములను కూర్చి, పలుమార్లు పాడించి, వానిలో నిలువదగినది ఏదియో తేల్చిన వ్యక్తి పేరు సాధారణముగా ఉండదు.

ఆ వ్యక్తిని ఆంగ్లమున ప్రొడ్యూసర్ అందురు. మన సినిమా పరిభాషలో నిర్మాత యనగా పెట్టుబడి పెట్టువాడు. రికార్డుల లోకమున ఈ మాటకు అర్థము వేరు. డబ్బు కంపెనీది, నిర్మాతది విచక్షణ. ఏ గాయకుని తీసికొనవలెను, ఆ గాయకునకు ఏ పాట తగును, ఏ వాద్యము వినబడవలెను, ఏది వినబడరాదు అను విషయములను నిర్ణయించుట అతని విధి. మేము ఈ వ్యాసమున నిర్మాత యను పదమును ఈ అర్థముననే వాడుచున్నాము.

అమెరికా దేశపు కంట్రీ సంగీత చరిత్రలో ఇట్టి నిర్మాతలలో అగ్రగణ్యుడు ఓవెన్ బ్రాడ్లీ (1915-1998). ఆయనను గూర్చి స్థిరపడిపోయిన అభిప్రాయ మొకటి కలదు. ఫిడేలును, స్టీల్ గిటారును తొలగించి, వాని స్థానమున వయొలిన్ల సమూహమును, మృదువైన వంతపాటను పెట్టి, పల్లెపాటకు పట్టణపు వేషము వేసి అమ్మిన వారిలో ఆయన మొదటివాడని ఆ అభిప్రాయము. ఈ మార్పునకే నాష్‌విల్ బాణి యని పేరు వచ్చినది. దీనిని మెచ్చుకొనువారును, నిందించువారును ఒక విషయమున ఏకీభవింతురు: బ్రాడ్లీ చేతిలో ఒక మూస ఉండెననియు, పాట లన్నిటిని ఆయన అందులో పోసెననియు ఇరుపక్షముల వారును తలంతురు. ఆయన వృత్తిజీవితమును వరుసగా పరిశీలించినచో ఈ భావన నిలువదని మా అభిప్రాయము. ఏ కంఠమునకు ఏది చేర్చవలెను, ఏ కంఠము నుండి ఏది దూరముగా నుంచవలెను అను వివేకమే ఆయన విద్య. ఆ వివేకము తప్పిన సందర్భములును కలవు. వానిని గూడ ఇచ్చట చెప్పుదుము.

పూర్వరంగము

అమెరికా దక్షిణ రాష్ట్రముల కొండ ప్రాంతములలోను, పల్లెలలోను ఫిడేలు, బాంజో మొదలగు వాద్యములతో పాడుకొను పాటలు 1920వ దశకమున రికార్డుల కెక్కినవి. 1923లో రాల్ఫ్ పీర్ అను కంపెనీ ప్రతినిధి అట్లాంటా నగరమున ఫిడ్లిన్ జాన్ కార్సన్ పాటలను ముద్రించెను. 1927లో ఆయనయే టెనసీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దున గల బ్రిస్టల్ పట్టణమునకు యంత్రసామగ్రితో పోయి, కార్టర్ కుటుంబము వారిని, జిమ్మీ రోడ్జర్స్‌ను మొదటిసారి ముద్రించెను. ఆ దినములలో నిర్మాత పని పాడువానిని వెదకి పట్టుకొనుటతో చాలవరకు ముగియుచుండెను. పాడువాడు తెచ్చిన పాటనే, తెచ్చిన వాద్యముతోనే ముద్రించెడివారు. వ్యాపారులు ఈ సంగీతమును హిల్‌బిల్లీ యని పిలిచెడివారు. కొండమోటువాడను చులకన ఆ పేరులో ఉన్నది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికకు కంట్రీ అండ్ వెస్టర్న్ అను పేరు పెట్టిన పిదప ఆ చులకన మాట వ్యాపార వ్యవహారమున క్రమముగా వెనుకబడినది.

టెనసీ రాష్ట్ర రాజధాని యగు నాష్‌విల్ నగరమున ఒక బీమా కంపెనీ 1925లో డబ్ల్యు.ఎస్.ఎం. అను రేడియో కేంద్రమును స్థాపించెను. ఆ యేడే మొదలైన శనివారపు పల్లెపాటల కార్యక్రమమునకు 1927లో గ్రాండ్ ఓల్ ఆప్రీ యను పేరు వచ్చినది. గాయకులు ఆ కార్యక్రమము కొరకు నాష్‌విల్ చేరుచుండిరి. కాని రికార్డు ముద్రింపించుకొనుటకు ఇతర నగరములకు పోవుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఆ రేడియో కేంద్రపు ఇంజనీర్లు ముగ్గురు క్యాజిల్ అను పేరుతో ఒక ధ్వనిముద్రణశాలను టులేన్ హోటలులో నడిపిరి. నగరమున వాణిజ్యసరణిని ధ్వనిముద్రణ జరుగుట దీనితో బలపడినది. గాయకులు, వాద్యకారులు, రేడియో నగరముననే ఉండగా, వీరినందరిని కూర్చి స్థిరమైన వృత్తిగా నిలుపగల వ్యక్తి యొకడు కావలసియుండెను.

డాన్స్ బ్యాండు నాయకుడు

ఓవెన్ బ్రాడ్లీ 1915 అక్టోబరు 21న టెనసీ రాష్ట్రమునందలి వెస్ట్‌మోర్లండ్ అను గ్రామ ప్రాంతమున జన్మించెను. బాల్యముననే కుటుంబము నాష్‌విల్ చేరినది. ఆయన పియానో వాద్యకారుడు. యౌవనమున నృత్యశాలలలో వాయించి, 1930వ దశకమున రేడియో కొలువున ప్రవేశించి, 1940వ దశకమున ఆ కేంద్రమునకు సంగీత దర్శకుడయ్యెను. మరియొక వైపు నగరపు సంపన్నుల విందులలో వాయించు డాన్స్ బ్యాండును నడిపెను. ఈ బ్యాండును ఆయన 1964 వరకు విడువలేదు. అనగా, కంట్రీ సంగీత నిర్మాతగా పేరు గడించిన తరువాత గూడ ఆయన సాయంకాలములు పట్టణ సంగీతమునకే అంకితములై యుండెను.

ఇది గమనింపదగిన విషయము. బ్రాడ్లీ పల్లెపాటల పరంపరలో పెరిగిన విద్వాంసుడు కాడు. విమర్శకులు దీనినే దోషముగా ఎన్నుదురు. కాని పరంపరకు వెలుపలి నుండి వచ్చినవానికి ఒక సౌలభ్యము కలదు. లోపలివానికి సహజముగా తోచు విషయములు అతనికి ఎంపికలుగా కనబడును. పాటకు ఫిడేలు ఉండియే తీరవలెనని అతడు తలపడు; ఉన్నచో ఏమగును, లేనిచో ఏమగును అని ఆలోచించును.

1947లో డెక్కా కంపెనీ ప్రతినిధి పాల్ కోహెన్ బ్రాడ్లీని తనకు సహాయకునిగా తీసికొనెను. కోహెన్ న్యూయార్కు నుండి అప్పుడప్పుడు వచ్చి కొన్ని దినములలో పెక్కు పాటలు ముద్రించి తిరిగి పోవుచుండెను. వాద్యకారులను సమకూర్చుట, పాటను సాధన చేయించుట, స్వయముగా పియానో వద్ద కూర్చుండుట బ్రాడ్లీ పనులు. కోహెన్ రానప్పుడు ముద్రణ భారమంతయు ఆయనపైననే పడెను. నిర్మాతగా ఆయన విద్యాభ్యాసము ఈ విధముగా సాగినది.

ఈ దశలో జరిగిన వానిలో 1952 మే నెలలో క్యాజిల్ ముద్రణశాలలో జరిగిన కిట్టీ వెల్స్ ముద్రణ ముఖ్యమైనది. చపలస్త్రీలను నిందించు నొక మగవాని పాటకు ప్రత్యుత్తరముగా, ఆ దోషము మగవారిదే యని చెప్పు పాటను ఆమె పాడెను. ఆ సమయమునకు ఆమె పాటలు మానుకొని ఇల్లు చూచుకొనవలెనను ఆలోచనలో ఉండెను. ముద్రణకు వచ్చు 125 డాలర్ల కూలికొరకు ఒప్పుకొనెను. ఆ రికార్డు కంట్రీ పట్టికలో మొదటి స్థానము చేరినది. ఒంటరిగా పాడిన స్త్రీకి ఆ స్థానము దక్కుట అదియే ప్రథమము. స్త్రీల రికార్డులు అమ్ముడుపోవని వ్యాపారులు గట్టిగా నమ్మిన కాలమది. బ్రాడ్లీ తరువాతి జీవితమునకు ఈ సంఘటన సూచిక వంటిది. ఆయన చేసిన పనిలో కాలమునకు నిలిచినది అధికభాగము స్త్రీ కంఠములదే.

రేకుల గుడారము

1950వ దశక మధ్యమున క్యాజిల్ మూతపడు స్థితికి వచ్చినది. రేడియో కేంద్రమువారు తమ ఇంజనీర్లను రెండు పనులలో ఏదో యొకటి ఎంచుకొమ్మనిరి. కోహెన్ తన ముద్రణలను టెక్సస్ రాష్ట్రమునందలి డల్లస్ నగరమునకు తరలింపదలచెను. అదియే జరిగినచో నాష్‌విల్ చరిత్ర వేరుగా నుండెడిది. బ్రాడ్లీ తాను ముద్రణశాల కట్టెదననియు, డెక్కావారు పని యిచ్చుచుండవలెననియు చెప్పి ఆయనను నిలిపెను.

ఓవెన్, ఆయన తమ్ముడు హెరాల్డ్ కలసి పదునారవ అవెన్యూ దక్షిణ భాగమున ఒక పాత ఇల్లు కొనిరి. హెరాల్డ్ గిటారు వాద్యకారుడు. నేలమాళిగకు ఎత్తు చాలనందున పై అంతస్తు నేలను తొలగించి అందులో ముద్రణశాల నమర్చిరి. 1955లో ఇంటి వెనుక సైన్యము వాడి విడిచిన క్వాన్‌సెట్ హట్ అను అర్ధవర్తులాకారపు రేకుల కట్టడము నొకదానిని నిలిపిరి. మొదట చలనచిత్రములు తీయవలెనని దానిని కట్టిరి. కాని పాటల ముద్రణకే అది ప్రసిద్ధి కెక్కినది. రేకుల కట్టడమున ధ్వని మారుమ్రోగి చెడిపోవలసినది. బ్రాడ్లీ దళసరి తెరలు మొదలగు వానిని వ్రేలాడదీసి ఆ మ్రోతను అదుపున బెట్టెను. గదిలోని ప్రతి మూల ఎట్లు మ్రోగునో ఎరిగి గాయకుని, వాద్యకారులను తగిన చోట్ల నిలుపుట ఆ ముద్రణశాల విశిష్టత యని వాద్యకారులు చెప్పుకొనెడివారు.

ఇతర కంపెనీలును ఈ శాలను అద్దెకు తీసికొనుచుండెను. 1956 మే నెలలో క్యాపిటల్ కంపెనీ కొరకు జీన్ విన్సెంట్ తన ప్రసిద్ధమైన రాక్ పాట బీ-బాప్-ఎ-లూలాను ఇచ్చటనే పాడెను. 1957లో ఆర్.సి.ఏ. కంపెనీవారు సమీపముననే తమ ముద్రణశాలను నెలకొల్పిరి. దాని పెద్ద చెట్ అట్కిన్స్. ఇట్లు ఇళ్లు గల ఒక వీధి ప్రచురణకర్తలతో, ముద్రణశాలలతో నిండి మ్యూజిక్ రో యని ప్రఖ్యాతమైనది. 1962లో కొలంబియా కంపెనీ బ్రాడ్లీ సోదరుల శాలను కొనెను. 1963లో జానీ క్యాష్ రింగ్ ఆఫ్ ఫైర్ పాటను, 1968లో ట్యామీ వైనెట్ స్టాండ్ బై యువర్ మ్యాన్ పాటను పాడినది ఆ రేకుల కట్టడములోనే. పాట ఒకటి హెచ్చుగా అమ్ముడుపోవుటకంటె, ఒక నగరమున వృత్తికి నిలువనీడ కల్పించుట గొప్ప విజయమని మేము తలంతుము.

వాద్యకారుల బృందము, పని తీరు

బ్రాడ్లీ వద్ద పనిచేసిన వాద్యకారులు ప్రతి గాయకునకు మారెడివారు కారు. గిటారుపై హాంక్ గార్లండ్, గ్రేడీ మార్టిన్, హెరాల్డ్ బ్రాడ్లీ. బాస్ వాద్యముపై బాబ్ మూర్. డ్రమ్ములపై బడ్డీ హార్మన్. పియానోపై ఫ్లాయిడ్ క్రేమర్. వంతపాటకు జోర్డనేర్స్ బృందము గాని, అనితా కెర్ బృందము గాని ఉండెను. వీరిని ఏ-టీమ్ అని పిలిచెడివారు. వాద్యకారుల సంఘపు నియమము ననుసరించి ఒక్కొక్క కూర్పు మూడు గంటలు. ఆ కాలములో నాలుగు పాటలు ముగించుట వాడుక.

ఇంత త్వరితముగా పని సాగుటకు కారణ మొకటి కలదు. వీరు వ్రాతప్రతులను ముందుంచుకొని వాయించుట అరుదు. పాట నొకసారి విని, అక్కడికక్కడ ఎవరు ఎప్పుడు ప్రవేశింపవలెనో మాటలతో నిర్ణయించుకొనెడివారు. జోర్డనేర్స్ బృందమునకు చెందిన నీల్ మాథ్యూస్ 1950వ దశకాంతమున స్వరసమూహములను అంకెలతో గుర్తించు పద్ధతి నొకదానిని కల్పించెను. ఆధారశ్రుతి మారినను మన స ప స్వరముల పేర్లు మారనట్లే, గాయకుని కంఠమునకు తగినట్లు శ్రుతిని హెచ్చించినను తగ్గించినను ఆ అంకెలు మారవు. మరల వ్రాసికొను శ్రమ లేక తోడనే వాయింపవచ్చును. ఈ పద్ధతి నాష్‌విల్ నగరమున నేటికిని వాడుకలో నున్నది.

బృంద మొక్కటే, గది యొక్కటే, కాలనియమ మొక్కటే. మూస యనెడి వాదమునకు ఇది బలము చేకూర్చునట్లు కనబడును. కాని ఇవి పరికరములు మాత్రమే. ఒకే కుంచెలతో, ఒకే రంగులతో వేరువేరు చిత్రములు వేయవచ్చును. బ్రాడ్లీ నిర్ణయములలోని భేదమును తెలిసికొనుటకు ఇద్దరు గాయకురాండ్రను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను.

ప్యాట్సీ క్లైన్

1956 ప్రాంతమున ఎల్విస్ ప్రెస్లీ మొదలగువారి రాక్ సంగీతము యువజనమును ఆకర్షింపగా కంట్రీ రికార్డుల వ్యాపారము దెబ్బతిన్నది. ఆ సంకటము నుండియే నాష్‌విల్ బాణి పుట్టినది. యువకులు పోయినను, మధ్యవయస్కులైన పట్టణ శ్రోతలు మిగిలియుండిరి. వారిని చేరుటకు కంఠమును ముందుంచి, కరకుదనము తగ్గించుట యొక మార్గమని బ్రాడ్లీయు, అట్కిన్సును గ్రహించిరి. 1958లో బ్రాడ్లీ డెక్కా కంపెనీ నాష్‌విల్ శాఖకు అధిపతి యయ్యెను. ఇక నిర్ణయములు ఆయనవియే.

వర్జీనియాకు చెందిన ప్యాట్సీ క్లైన్ (1932-1963) 1955 నుండి బ్రాడ్లీ పర్యవేక్షణమున పాడుచుండెను. కాని ఆమె ఒప్పందము ఫోర్ స్టార్ అను చిన్న కంపెనీతో నుండెను. ఆ కంపెనీ హక్కులు గల పాటలనే ఆమె పాడవలెనను నిబంధన యుండుటచే, అయిదేండ్ల కాలమున వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ అను పాట యొక్కటే పేరు తెచ్చినది. గాయని అదే, నిర్మాత అతడే, వాద్యకారులు ఇంచుమించుగా వారే. పాటలు మాత్రము కొరతపడినవి. నిర్మాత విద్యలో పాటను ఎన్నుకొను స్వేచ్ఛ ఎంత ముఖ్యమో ఈ అయిదేండ్లు నిరూపించుచున్నవి. 1960లో ఆ ఒప్పందము తీరి ఆమె డెక్కాలో చేరిన తోడనే ఫలితము మారినది.

1960 నవంబరులో ముద్రించిన ఐ ఫాల్ టు పీసెస్ పాటను హాంక్ కాక్రన్, హార్లన్ హవర్డ్ కట్టిరి. జోర్డనేర్స్ బృందపు వంతపాట తన కంఠమును కప్పివేయునని క్లైన్ సంకోచించెను. బ్రాడ్లీ ఆ వంతపాటను కంఠమునకు వెనుక, పలుచని తెర వలె నిలిపెను. ఆ పాట 1961 ఆగస్టునాటికి కంట్రీ పట్టికలో మొదటిదై, పాప్ పట్టికలో పండ్రెండవ స్థానము చేరెను.

1961 జూన్ 14న క్లైన్ ఘోరమైన కారు ప్రమాదమునకు గురియై చాలదినములు ఆసుపత్రిలో ఉండెను. ఆగస్టు 21న విల్లీ నెల్సన్ కట్టిన క్రేజీ పాట ముద్రణకు వచ్చినప్పుడు, ప్రక్కటెముకల నొప్పిచే ఆమె పై స్వరములను అందుకొనలేకపోయెను. నాలుగు పాటలు ముగింపవలసిన కాలము మించిపోయినను ఆ ఒక్క పాటయు పూర్తి కాలేదు. బ్రాడ్లీ పాటను విడువలేదు. నొప్పితో పాడిన కంఠమును స్వీకరింపను లేదు. వాద్యభాగమును మాత్రము నిలుపుకొని ఆమెను ఇంటికి పంపెను. కొన్ని వారముల తరువాత ఆమె తిరిగి వచ్చి ఆ వాద్యములపై పాడెను. అది కంట్రీ పట్టికలో రెండవ స్థానమును, పాప్ పట్టికలో తొమ్మిదవ స్థానమును పొందెను. పాడువారును వాయించువారును ఏకకాలమున ఒకచోట నుండుటయే వాడుక యైన దినములలో, వారిని విడదీసి కలుపుటకు ఒప్పుకొనిన ఈ నిర్ణయము చిన్నది కాదు.

1963 మార్చి 5న టెనసీలోని క్యామ్‌డెన్ సమీపమున జరిగిన విమాన ప్రమాదమున క్లైన్ మరణించెను. డెక్కాలో చేరిన తరువాత ఆమె పాడినది రెండేండ్లకు పైచిలుకు కాలము మాత్రమే. 1967లో వెలువడిన ఆమె పాటల సంకలనము కాలక్రమమున కోటికి మించి అమ్ముడుపోయినది.

లొరెట్టా లిన్

మూస యొక్కటే యైనచో, ఇంత విజయము నిచ్చిన పద్ధతిని బ్రాడ్లీ తదుపరి గాయనికిని వాడవలసియుండెను. ఆయన అట్లు చేయలేదు.

లొరెట్టా లిన్ (1932-2022) కెంటకీ రాష్ట్రమున బొగ్గుగని కార్మికుని కుమార్తె. ఆమెను డెక్కాకు తెచ్చినవారు విల్బర్న్ సోదరులు. ఆమె కంఠము కిట్టీ వెల్స్ కంఠమును పోలియున్నదని బ్రాడ్లీకి మొదట ఆమెపై ఆసక్తి కలుగలేదు. వారు వినిపించిన పాట మాత్రము బ్రెండా లీకి తగునని ఆయన కోరెను. లొరెట్టాను తీసికొనినచో పాటను ఇత్తుమని వారు పట్టుపట్టగా ఆయన అంగీకరించెను. గొప్ప గాయని యొకతె ఆయనకు బేరములో లభించిన దనుట అతిశయోక్తి కాదు. మొదటి వినికిడిలోనే సర్వమును గ్రహింపగల దివ్యశక్తి నిర్మాతలకు ఉండునను ప్రశంసను ఈ ఒక్క సంగతి కొట్టివేయుచున్నది.

కాని ఒకసారి తీసికొనిన తరువాత ఆయన ఆమె మాటతీరును సంస్కరింపలేదు. కెంటకీ కొండల యాసను దిద్దలేదు. వయొలిన్ల సమూహమును ఆమె వెనుక నిలుపలేదు. స్టీల్ గిటారు, పదునైన గిటారు నాదము ఆమె పాటలలో బిగ్గరగానే వినబడును. ఏలయన, క్లైన్ కంఠము దీర్ఘమైన స్వరములను సాగదీసి నిలుపునది. దానికి చుట్టును ఖాళీ కావలెను. లిన్ పాట సంభాషణ వంటిది. త్రాగి ఇంటికి వచ్చిన మగనితో, పొరుగింటి ఆడుదానితో ముఖాముఖి పలుకునది. దానికి మెత్తని తెర కట్టినచో మాట వాడి పోవును. 1967లో కంట్రీ పట్టికలో మొదటి స్థానము పొందిన ఆమె తొలిపాట, త్రాగుబోతు భర్తను మందలించునదే.

1969లో ముద్రించి 1970లో విడుదల చేసిన కోల్ మైనర్స్ డాటర్ ఆమె స్వీయచరిత్ర వంటి పాట. ఆమె వ్రాసికొని వచ్చినది చాల దీర్ఘముగా నుండుటచే బ్రాడ్లీ కొన్ని చరణములను తీసివేయించెను. ఆ చరణములు పోయినందుకు ఆమె తరువాతి కాలమున విచారపడెను. ఇచ్చట నిర్మాత పరిష్కర్త వలె కాక, కత్తిరించు సంపాదకుని వలె వర్తించెను. పాట బిగువు పెరిగినది నిజము. ఒక స్త్రీ తన బాల్యమును గూర్చి వ్రాసికొనిన మాటలు కొన్ని లోకమునకు దక్కకపోయినదియు నిజము. ఈ రెంటిని ఏకకాలమున ఒప్పుకొనక తప్పదు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఆ సంవత్సరపు ఉత్తమ కళాకారిణి పురస్కారము లిన్‌కు లభించెను. స్త్రీకి అది లభించుట అదే మొదటిసారి. కుటుంబ నియంత్రణ మాత్రను గూర్చి 1972లో ముద్రించిన ఆమె పాట ది పిల్‌ను కంపెనీ 1975లో గాని విడుదల చేయలేదు. విడుదల యైన పిదప పెక్కు రేడియో కేంద్రములు ప్రసారము చేయ నిరాకరించెను. పట్టణ శ్రోతలను మెప్పించుట యొక్కటే బ్రాడ్లీ ధ్యేయమైనచో ఇట్టి గాయనిని ఇట్టి పాటలతో సంవత్సరముల తరబడి ముద్రించి యుండడు.

కిట్టీ వెల్స్ విషయమునను ఇంతే. క్లైన్ పాటలు పాప్ పట్టికల కెక్కుచున్న కాలముననే వెల్స్ తన పూర్వపు సాదా బాణిని విడువలేదు. మరియొక వైపు బ్రెండా లీని చూడుడు. 1960లో ఐ యామ్ సారీ పాటకు వయొలిన్లను కూర్చి, పదునైదేండ్ల బాలికను పాప్ పట్టికలో మొదటి స్థానమునకు చేర్చినదియు బ్రాడ్లీయే. ఆ బాలిక పదమూడేండ్ల వయస్సున, 1958లో, రేకుల కట్టడమున పాడిన క్రిస్మస్ పాట రాకిన్ ఎరౌండ్ ది క్రిస్మస్ ట్రీ 2023 డిసెంబరులో బిల్‌బోర్డ్ ప్రధాన పట్టికలో మొదటి స్థానము చేరినది. ముద్రణకును ఆ స్థానమునకును నడుమ అరువదియైదు సంవత్సరములు గడచినవి.

విఫలతలు, నష్టములు

నిర్మాత ప్రతిభను ఆయన విజయములతోనే కొలుచుట చరిత్రకారునకు తగదు. 1956లో టెక్సస్ యువకుడు బడ్డీ హాలీని డెక్కా తీసికొని నాష్‌విల్‌లో మూడుసార్లు ముద్రించెను. ఆ ముద్రణలను నడిపినది బ్రాడ్లీయే. దట్‌ల్ బి ది డే అను పాటను ఆ జూలైలో మొదట పాడినది ఇచ్చటనే. ఆ ముద్రణలతో హాలీకి పేరు రాలేదు. కంపెనీ అతనిని విడిచినది. 1957 ఫిబ్రవరిలో న్యూ మెక్సికో రాష్ట్రమునందలి క్లోవిస్ పట్టణమున నార్మన్ పెటీ అను మరియొక నిర్మాత వద్ద అదే పాటను మరల ముద్రించిరి. అది దేశమంతటను మొదటి స్థానమును పొందినది. ఆ రికార్డును వెలువరించిన బ్రన్స్‌విక్ డెక్కాకు అనుబంధ సంస్థయే యగుట విధి వైచిత్ర్యము. పాట ఒకటే, గాయకుడు ఒకడే. గది మారినది, నిర్మాత మారెను. రెండు ముద్రణలును నేడు లభించుచున్నవి. నిర్మాత పని యేమియో తెలిసికొనగోరు విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠము లేదు. మూడు గంటల నియమములో అనుభవజ్ఞులు ముగించు పని, తన బృందముతో తన ధోరణిలో తీరికగా సాధన చేయవలసిన యువకునకు అనుకూలింపలేదని మా ఊహ.

వేరొక నష్టము వ్యక్తులది కాదు, వృత్తిది. ఫిడేలును వెనుకకు నెట్టినప్పుడు, దానినే నమ్ముకొనిన వాద్యకారులకు ముద్రణశాలలలో పని తగ్గినది. పాటలన్నియు ఒకే పదిమంది చేతుల మీదుగా నడచుటచే, ప్రాంతమునకు ప్రాంతమునకు గల వాద్యశైలీభేదములు రికార్డులలో సన్నగిల్లినవి. బ్రాడ్లీ అనుకరణకారుల చేతిలో ఆయన పద్ధతి నిజముగనే మూసయైనది. విమర్శకుల ఆరోపణ ఈ అనుకరణములకు చక్కగా వర్తించును. మూలకర్తకు దానిని యథాతథముగా అంటగట్టుట న్యాయము కాదు.

ఉత్తర జీవితము

శాలను కొలంబియాకు విక్రయించిన పిదప బ్రాడ్లీ నగరమునకు తూర్పున మౌంట్ జూలియట్ సమీపమున నొక పొలము కొని, అందలి గాదెను ముద్రణశాలగా మార్చెను. బ్రాడ్లీస్ బార్న్ అను ఆ శాల 1965 నాటికి పూర్తిగా నడుచుచుండెను. రాక్ గాయకుడుగా పేరు పొందిన కాన్వే ట్విటీ కంట్రీ పాటకు మరలినది బ్రాడ్లీ ఆధ్వర్యముననే. 1970లో వెలువడిన ట్విటీ పాట హలో డార్లిన్ ఆరంభమును పాడక, మాటలుగా పలుకుమని చెప్పినవాడు బ్రాడ్లీ. 1974లో ఆయన కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము పొందెను. 1980లో ఆ గాదె అగ్నికి ఆహుతికాగా దానిని మరల కట్టించెను.

లొరెట్టా లిన్ జీవితమును గూర్చి 1980లో వచ్చిన చలనచిత్రమునకు ఆయన సంగీతమును పర్యవేక్షించెను. క్లైన్ జీవితమును గూర్చిన 1985 నాటి చిత్రమునకు ఆమె పాత కంఠమును నిలుపుకొని క్రొత్త వాద్యములను ముద్రించిరి. దివంగతురాలి కంఠమునకు క్రొత్త పరివేషము కల్పించుట ఉచితమా యను ప్రశ్న ఇచ్చట కలుగును. పాత ముద్రణ చెడక నిలిచియున్నంతవరకు క్రొత్తది పాఠాంతరము మాత్రమే యని చెప్పవచ్చును. పాతది మరుగున పడినచో అది ప్రక్షిప్తమగును.

1988లో కెనడా గాయని కె. డి. లాంగ్ కోరికపై విశ్రాంతి విడిచి షాడోలండ్ అను రికార్డును నిర్మించెను. అందలి ఒక పాటమాలికలో కిట్టీ వెల్స్, లొరెట్టా లిన్, బ్రెండా లీ ఆమెతో గొంతు కలిపిరి. ముప్పదియారు సంవత్సరముల క్రిందట 125 డాలర్లకు పాడ వచ్చిన స్త్రీయు, క్రొత్త తరము గాయనియు ఒకే నిర్మాత ఎదుట నిలిచిరి. 1998 జనవరి 7న బ్రాడ్లీ మరణించెను. మ్యూజిక్ రో మొదట ఆయన పేర నున్న చిన్న ఉద్యానమున పియానో వద్ద కూర్చున్న ఆయన కాంస్యప్రతిమ కలదు.

ఉపసంహారము

పై విషయములను బట్టి మేము తేల్చినది ఇది. నాష్‌విల్ బాణి యనునది ఒక వ్యాపార సంకటమునకు సమాధానముగా పుట్టినది. దానిని కల్పించిన వారిలో బ్రాడ్లీ ముఖ్యుడు. కాని ఆయన జీవితకృషి ఆ బాణికి పర్యాయపదము కాదు. క్లైన్ చుట్టును ఆయన మార్దవమును కట్టెను. లిన్ చుట్టును కట్టక విడిచెను. కట్టుటయు విడుచుటయు ఒకే వివేకమునకు రెండు ముఖములు. పల్లె పట్టణమునకు లొంగినదా యను ప్రశ్నను ఒక బాణి విషయమున గాక, ఒక్కొక్క పాట విషయమున, ఒక్కొక్క ముద్రణ విషయమున అడుగవలెను. అప్పుడు కొన్నిచోట్ల లొంగినదనియు, కొన్నిచోట్ల పల్లెమాట మునుపెన్నడు వినబడనంత దూరము వినబడినదనియు తేలును.

మన జానపద గేయములను పరిశోధించువారికిని ఈ పద్ధతి ఉపకరింపగలదు. పొలములో పాడిన పాటకును, రికార్డు కెక్కిన పాటకును, చలనచిత్రమున వినబడిన పాటకును భేదము కనబడినప్పుడు, చెడిపోయినదని ఒక్కమాటతో త్రోసివేయుట సులభము. ఎవరు, ఏ వసతిలో, ఎంత కాలములో, ఎవరి కొరకు ఏది తీసివేసిరి, ఏది చేర్చిరి, దానివలన పాడినవారికి ఏమి దక్కినది, ఏమి పోయినది అని విచారించుట కష్టము. పాడినవారి పేరు చెంతనే, ఆ నిర్ణయములు చేసినవారి పేరును మన పరిశోధకులు వ్రాసి యుంచుట అవసరమని మా విన్నపము.